హౌజులో బాలింత

మొన్న మేడ్చల్‌లో హైవే పక్కన ఖాళీ జాగాలో ఎగ్జిబిషన్ పెట్టారు. జెయింట్ వీల్, మిర్చి బజ్జీల బండ్లు, పెద్ద అప్పడాలు ఎప్పుడూ ఉండేవే. ఈసారి కొత్తగా అద్దాల సొరంగం తెచ్చారు. మనం నడుస్తుంటే నెత్తి మీద సముద్రపు చేపలు తిరుగుతాయట. మా తమ్ముడి కూతురు వారం నుంచి ప్రాణం తీస్తుంటే తీసుకుపోయాను. లోపల నీలం లైట్లు, ఏసీ చలి, చెవులు పగిలే పాట. పిల్ల కేరింతలు కొట్టింది. నాకూ మొదట్లో బాగానే ఉంది, అబద్ధమెందుకు. మలుపు దగ్గర ఒక తాబేలు కనిపించింది. పళ్లెమంత ఉంది. సముద్రానిదో చెరువుదో నాకు తెలియలేదు. అద్దానికి ముక్కు ఆనించి ఈదుతోంది, ఈదుతోంది, ఉన్నచోటే ఉంది. నేను పిల్ల చెయ్యి పట్టుకుని జనాన్ని తోసుకుంటూ బయటికి వచ్చేశాను. "ఏందత్తా, ఇంకా సగమే జూసినం గదా" అని అది మొహం ముడుచుకుంది. దానికి ఐస్‌క్రీం కొనిచ్చి ఇంటికి తెచ్చాను గానీ, ఆరోజు నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. పుస్తకం తెరుస్తాను, మూస్తాను. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతాను. ఇన్నేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, నా మనసును నేను ఒక మూల కూర్చోబెట్టలేకపోతున్నాను.

మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్. ఇప్పుడు పోతే ప్లాట్ల హద్దురాళ్లు, రంగుల కమాన్లు కనిపిస్తాయి గానీ, నా చిన్నప్పుడు షామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఎటు చూసినా ద్రాక్షతోటలే. మా తోట రోడ్డుకు ఆనుకుని ఉండేది. ద్రాక్షతోట అనగానే అందరూ తియ్యటి వాసన ఊహించుకుంటారు. నాకు గుర్తున్నది మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టే మందు వాసన. మా నాయిన చేతులు ఆ మందుతో ఎప్పుడూ నీలంగా ఉండేవి. అన్నానికి కూర్చునే ముందు చింతపండుతో రుద్దుకునేవాడు, అయినా గోళ్ల సందుల్లో నీలం పోయేది కాదు. తీగలు కత్తిరించే రోజుల్లో అమ్మ ఆ ముక్కలతోనే పొయ్యి రాజేసేది, ఆ పొగ పుల్లగా ఉండి కళ్లు మండేవి. మా అవ్వ, అంటే నాయిన తల్లి, పొద్దున్నే చాయ సాసర్లో పోసుకుని తాగి, చుట్ట ముట్టించుకుని పందిరి కిందికి పోయేది. రాలిన పండ్లన్నీ ఏరి కొంగులో వేసుకునేది. ఒక్కటి కూడా తను నోట్లో వేసుకోగా నేను చూడలేదు. పులుపుకు పళ్లు జివ్వుమంటాయని అనేది గానీ, అసలు సంగతి ఏమిటంటే ఆమెకు చుట్ట తప్ప ఏదీ రుచించదు.

నాయినకు నీళ్ల పిచ్చి. ద్రాక్ష వేసిన ప్రతి రైతుకూ ఆ పిచ్చి ఉంటుంది, మా నాయినకు మరీ ఎక్కువ. తోటలో రెండు బోర్లుండేవి. ఒకదానిలో ఉప్పునీళ్లు పడ్డాయి. అవి పారించిన వరుసల్లో ఆకుల అంచులు కాలి ముడుచుకునేవి. రెండోదానివి తియ్యనీళ్లు. వాటిని సిమెంటు హౌజులోకి ఎత్తి, అక్కడి నుంచి చెట్లకు వదిలేవాళ్లు. హౌజు అంటే మా దగ్గర తోటల్లో నీళ్లు నిలవ చేసే తొట్టి, పదిమంది దిగి ఈతకొట్టేటంత పెద్దది. ఇంటికి ఎవరొచ్చినా నాయిన ముందు చేసే మర్యాద ఆ నీళ్లు ఒక చెంబు ఇవ్వడమే. ఇచ్చి, "తాగి చెప్పు, ఎట్లున్నయి" అని ఎదురుగా నిలబడేవాడు. సక్కెర లెక్క ఉన్నాయని వచ్చినవాళ్లు ఒప్పుకునేదాకా కదిలేవాడు కాదు. ఉప్పు అన్న మాట వింటే చాలు, ఆయన మొహం మాడిపోయేది. మా చెట్లను చంపింది ఉప్పేనని ఆయన లెక్క.

నేను ఇంటర్‌కు వచ్చేసరికి ఉప్పుబోరు పూర్తిగా పోయింది. తియ్యబోరు మాత్రం కరెంటు ఉన్నంతసేపు పిల్లల వేలంత ధార పోసేది. దానితో తోట బతకదు. పక్కవాళ్లు ఒక్కొక్కరే పందిళ్లు పీకి భూములు అమ్ముకున్నారు. నాయిన అమ్మనన్నాడు. సగం తోట ఎండిపోయాక ఆ పందిరి కిందనే సిమెంటు బల్లలు వేయించి హోటలు పెట్టాడు. కొత్త కాలనీల్లో దిగిన ఉద్యోగస్తులూ, ఆదివారాలు షామీర్‌పేట చెరువు చూడడానికి సిటీ నుంచి వచ్చేవాళ్లూ ఆగుతారని ఆశ. ఇంట్లోవాళ్లకు వండిపెట్టే మా అమ్మ తెల్లారేసరికి పెద్ద పెద్ద గిన్నెల ముందు నిలబడింది. జనం వచ్చారు, తిన్నారు, పోయారు, మళ్లీ రాలేదు. రోడ్డు పొడుగునా అప్పటికే అలాంటి హోటళ్లు లేచాయి. ఒకదాని దగ్గర ఊయలలు, ఒకదాని దగ్గర గుర్రం, ఇంకోదాని దగ్గర ఒంటె. నాయిన సాయంత్రాలు గల్లాపెట్టె ముందు కూర్చుని రోడ్డు వైపే చూస్తుండేవాడు. మస్తు పరేషాన్‌గా ఉండేవాడు. అన్నం కూడా నిలబడే తినేవాడు.

అటువంటప్పుడు ఒక చేపల లారీ మా దగ్గర ఆగింది. బందరు వైపు నుంచి ఐసు పెట్టెలు తెచ్చే లారీ, డ్రైవరు మా హోటల్లోనే అన్నం తినేవాడు. ఆ రోజు అతను నాయినను లారీ వెనక్కి పిలిచాడు. తడి గోనెపట్టా కింద తాబేలు ఉంది. మా చెరువుల్లో అరచెయ్యంత తాబేళ్లను చూసినవాళ్లం. ఇది బండి చక్రమంత ఉంది. కాళ్లకు గోళ్లు, వేళ్లు కనిపించవు, తెడ్ల లాగా ఉన్నాయి. కళ్ల వెంట చిక్కగా నీళ్లు కారుతున్నాయి. డ్రైవరు దాన్ని ఎవరికో చేర్చాలని తెచ్చి, వాళ్లు వద్దంటే ఏం చేయాలో తెలియక తిప్పుతున్నాడు. అలా పట్టి అమ్మడం నేరమని మా ఇంట్లో ఎవరికీ తెలియదు, అతనికి తెలిసే ఉంటుంది. నాయిన ఆ యేటి ద్రాక్షలో మిగిలిన పెట్టెలు లారీకి ఎక్కించి తాబేలును దింపుకున్నాడు. నలుగురు మోసుకుపోయి హౌజులో వదిలారు. అప్పటికి నెల రోజులుగా ఎండుతున్న చెట్లకు కూడా ఇవ్వని తియ్యనీళ్లు నాయిన ఆ హౌజు నిండా పట్టించాడు. "దూరం నుంచి వచ్చింది, మంచినీళ్లు తాగనీ" అన్నాడు. ఆయన మొహంలో అంత వెలుగు చూసి చాలా రోజులైంది. అందుకే నాకూ సంతోషమైంది.

తర్వాతి ఆదివారానికే రోడ్డు మీద బోర్డు లేచింది. "ఇచ్చట సముద్రపు తాబేలు గలదు" అని ఎర్ర అక్షరాలు, కింద చిన్నగా భోజనం సంగతి. కార్లు, స్కూటర్లు వరుస కట్టాయి. పిల్లలను హౌజు గోడ మీద నిలబెట్టి ఫొటోలు తీసుకునేవాళ్లు. మురుకులు, బన్ను ముక్కలు, ద్రాక్షపండ్లు విసిరేవాళ్లు. కదలకపోతే కర్రతో పొడిచేవాళ్లు. మా అవ్వ అందరికంటే ముందే నిద్ర లేచి దాని వీపు మీద పసుపు రాసి, కుంకుమ పెట్టి, "కూర్మావతారం, మన ఇంటికి నడిసొచ్చిండు దేవుడు" అని చెంపలేసుకునేది. అది చూసి వచ్చినవాళ్లు కూడా దండం పెట్టి చిల్లర నీళ్లలో వేసేవాళ్లు. దండం పెట్టిన చేత్తోనే మళ్లీ కర్ర పట్టుకునేవాళ్లు. అమ్మకు మాత్రం వంట తప్ప ఏదీ చూసే తీరిక లేదు. గల్లా ముందు నాయిన కూర్చోవడం మానేసి హౌజు దగ్గరే తిరుగుతూ, ఇది ఎంత దూరం ఈదుతుందో, ఎన్నేళ్లు బతుకుతుందో తనకు తోచినట్టు చెప్పేవాడు. బచ్చలికూర, చెరువు చేపలు తనే తెచ్చి వేసేవాడు. ఆయన దాన్ని బాగా చూసుకుంటున్నాననే నమ్మాడు. దాని మీద ఆయనకు ప్రేమ ఉండేది. ఈ సంగతి రాయకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది.

నాకు పరీక్షలు దగ్గర పడ్డాయి. నేను చదువుకునే గది కిటికీ హౌజు వైపే ఉండేది. జనం పోయాక తోటంతా నిశ్శబ్దమయ్యేది, అప్పుడు ఆ చప్పుడు మొదలయ్యేది. సిమెంటుకు ఏదో గీసుకుంటున్న చప్పుడు. తాబేలు గోడ వెంబడి తిరుగుతూ ఉండేది. ఒక మూల, ఇంకో మూల, మళ్లీ అదే. ఎప్పుడూ ఎడమ వైపుకే మలుపు. మధ్యలో అంత ఖాళీ ఉన్నా మధ్యకు వచ్చేది కాదు. గోడ ఎక్కడో తెరుచుకుంటుందని వెతుకుతున్నట్టు ముక్కుతో రాసుకుంటూ పోయేది. నేను కిటికీ మూసేదాన్ని, తెరిచేదాన్ని, పుస్తకం పట్టుకుని ఇంటి ముందుకు పోయేదాన్ని, మళ్లీ వచ్చి చూసేదాన్ని. దాని ముక్కు మీద చర్మం లేచి తెల్లగా కనిపించింది. నాయినకు చూపిస్తే పసుపూ నూనే కలిపి రాశాడు. మర్నాడు అది మళ్లీ రాసుకుంది. అది తిరిగినంతసేపు నేనూ వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నానని అమ్మ చెప్తే గానీ నాకు తెలియలేదు.

ఒక ఆదివారం రత్నకుమారి ఆంటీ వచ్చింది. మా రోడ్డుకు అవతల కొత్త కాలనీలో ఉండేవాళ్లు, వాళ్లాయనకు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం, ఆమె సొంతూరు బందరు దగ్గర. పాల కోసం మా ఇంటికి వచ్చేది కాబట్టి అందరం ఎరిగిన మనిషే. కొడుక్కి తాబేలు చూపిద్దామని వచ్చి, హౌజులోకి ఒకసారి చూసి, పిల్లాణ్ణి గోడ మీద నుంచి దించేసింది.

"ఇదెక్కడిదండీ మీకు? మా ఊరి ఒడ్డుకి ఏటా ఈ రోజుల్లోనే వస్తాయి, ఇసకలో గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. అప్పుడే పట్టేసుంటారు" అంది. తర్వాత చెయ్యి ముంచి చూసి, "ఇవేంటండీ, చప్పటి నీళ్లు పోశారు?" అని అడిగింది.

నాయినకు చుర్రుమంది. "చప్పటియి గావు తల్లీ, తియ్యటియి. గీ చుట్టుపట్ల ఇసొంటి నీళ్లు ఎవ్వలకు లెవ్వు. తాగి జూడు."

"మనకి తియ్యటివేనండీ. దానికి ఉప్పునీళ్లు కావాలి."

"ఉప్పునీళ్లల్ల ఏం బతుకుతది తల్లీ? చెట్టే బతకదు."

ఆమె నా వైపు చూసింది. ఎవరి మాట నిజమో నాకు తెలిస్తే గదా. నాయిన మాత్రం ఆ రోజంతా ఆ మాటే మనసులో పెట్టుకున్నాడు. సాయంత్రం హౌజు నీళ్లు దోసిట్లో పట్టి తాగి, బాగానే ఉన్నాయని తనకు తనే చెప్పుకున్నాడు. తన ఇంట్లో ఉన్నవాటిలో అన్నింటికంటే మంచిది దానికి ఇచ్చాడు. అదే దానికి విషమని ఎవరైనా చెప్తే నమ్మగలిగే మనిషి కాదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, ఒక పొద్దున పసుపు కుంకుమ పట్టుకుని పోయిన అవ్వ కేక వేసింది. అందరం పరుగెత్తాం. హౌజు అడుగున చిల్లర నాణేల మీద, నానిపోయిన బన్ను ముక్కల మీద తెల్లటి గుడ్లు పడి ఉన్నాయి. నిమ్మకాయంత గుండ్రంగా, మెత్తగా. ఇంకా పెడుతోంది. ఈదుతూనే ఒక్కొక్కటీ వదులుతోంది, తవ్వి పెట్టడానికి ఇసుక లేక. గుడ్డు జారినప్పుడల్లా మెడ ముందుకు సాచి నోరు తెరిచేది. నాయిన పట్టరాని సంతోషంతో, "మన ఇంట్ల ఈనింది, చూడుండ్రి. మంచిగైతది ఇగ మనకు" అని, కట్టడం కోసం పోయించిన ఇసుక కుప్ప వైపు పరుగెత్తాడు, గుడ్లు పూడ్చి పొదిగిద్దామని. అవ్వ పసుపు గిన్నె గోడ మీద పెట్టేసింది. చాలాసేపు నీళ్లలోకే చూసింది. తర్వాత నాతో మెల్లగా అంది.

"దేవుడు గాదే బిడ్డా. గిది ఆడిది."

ఆ పూట నుంచి అవ్వ పురుడు పాటించింది. మా ఇళ్లల్లో ఎవరికైనా కాన్పైతే ఏం చేస్తారో అన్నీ చేసింది. హౌజు చుట్టూ వేపమండలు కట్టించింది. గేటు దగ్గరి నుంచి హౌజు దాకా పాత చీరెలు అడ్డంగా కట్టించింది. వాము, బెల్లం కలిపి తెస్తే అది ముట్టలేదు, అయినా రోజూ తెచ్చింది. తన నులక మంచం హౌజు గోడ పక్కన వేసుకుని అక్కడే కూర్చుంది. పురుటింట్లోకి పరాయివాళ్లు తొంగిచూడకూడదు, బాలింత మీద పదిమంది కళ్లు పడకూడదు. ఇది మాకెవరూ కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. కానీ తాబేలుకు వర్తిస్తుందని ఎవరనుకుంటారు? నాయిన మొదట నవ్వాడు. ముసలామె ముచ్చట, రెండు రోజులు పోతే మరిచిపోతుందని ఊరుకున్నాడు. ఇసుకలో పూడ్చిన గుడ్లు వాసన వచ్చాయి. అమ్మ వాటిని తీసి దూరంగా పాతిపెట్టింది. తాబేలు తిండి మానేసింది. తిరగడం మాత్రం మానలేదు.

తాబేలు గుడ్లు పెట్టిందన్న వార్త మండలమంతా పాకింది. ఆదివారం ఎన్నడూ లేనంత జనం వచ్చారు. వాళ్లతో పాటు మా మండలంలో పెద్ద లీడరొకాయన, భార్యా మనవలతో జీపులో దిగాడు. హోటలుకు వేరే ట్రాన్స్‌ఫార్మర్ కావాలని నాయిన ఆయన చుట్టూ ఎన్నాళ్లనుంచో తిరుగుతున్నాడు. అది వస్తే కరెంటు నిలుస్తుంది, ఇంకో బోరు వేయొచ్చు, హోటలు నిలబడుతుంది, భూమి అమ్మే పని ఉండదు. నాయిన బతుకంతా ఆ మాట మీదే ఉంది. ఆ లీడరే స్వయంగా తాబేలు చూద్దామని వచ్చాడు. నాయిన ఆయన్ను పందిరి కింద కూర్చోబెట్టి, నన్ను వెంటబెట్టుకుని చీరెల అడ్డం వెనక్కి వచ్చాడు.

"అమ్మా, జెర లెవ్వు. పెద్దమనిషొచ్చిండు. ఒక్కసారి జూసి పోతరు."

"ఎవ్వలు రావద్దు. బాలింతున్నది."

"తాబేలుకు పురుడేందమ్మా? నలుగురు నవ్వుతున్నరు."

"నవ్వనియ్యి. ఆళ్లకు జూడాల్నుంటే నన్ను జూడుమను. నేనీన్నే కూసున్న."

నాయిన గొంతు తగ్గించి బతిమాలాడు. ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చెప్పాడు. బయట పిల్లలు తాబేలు, తాబేలు అని అరుస్తున్నారు. చివరికి వాతావరణం తేలిక చేద్దామని కాబోలు, తనకు అలవాటైన పరాచికం ఒకటి వేశాడు. ఆయన పుట్టింది మేడ్చల్ అంగట్లో. అవ్వను కాన్పుకు గౌడవెల్లిలో తల్లిగారింటికి ఎడ్లబండిలో తీసుకుపోతుంటే, సంత రోజు, దారిలోనే నొప్పులు వచ్చాయట. "నేను అంగట్ల పుట్టినోన్ని, నాతోని ఎవ్వడు బేరం జెయ్యలేడు" అని ఆయన పెళ్లిళ్లల్లో, పంచాయితీల్లో చెప్పి అందరినీ నవ్వించేవాడు. ఆ రోజు కూడా, "నన్ను నడి అంగట్ల గన్నవు గదనే, గప్పుడు లేని పురుడు గిప్పుడెందుకు" అన్నాడు నవ్వుతూ.

అవ్వ చుట్ట తీసి కింద పెట్టింది.

"అవు కొడుకా. నడి అంగట్లనే గన్న. ఒకామె చీరె అడ్డం వట్టింది. గాలికి చీరె లేసినప్పుడల్ల అవుతల నిలవడ్డోల్లు గనవడేది. బఠానీలు నముల్కుంట జూసిన్రు. ఒగడు పిలగాన్ని భుజం మీద ఎక్కిచ్చుకున్నడు, మంచిగ గనవడాలెనని. నొప్పులు నాకు యాదికి లెవ్వు. గా నములుడు యాదికున్నది."

నేను నాయిన మొహం వైపు చూడలేకపోయాను. యాభై ఏళ్లకు దగ్గర పడుతున్న మనిషి, తన పుట్టుక గురించి తను చెప్పుకున్న కథలో అవ్వ ఎక్కడుందో ఎన్నడూ అడగలేదు. మేము కూడా ఎవరం అడగలేదు, విన్న ప్రతిసారీ నవ్వాం. అవ్వ కూడా మాతో పాటు అక్కడే కూర్చుని ఉండేది. నాయిన చీరె అంచు పట్టుకుని అలా నిలబడ్డాడు. కాసేపటికి బయటికి పోయి లీడరుతో, "ఇయ్యాల జూపియ్యలేనన్నా. ఇంట్ల బాలింతున్నది" అన్నాడు. ఆయన ముందు నవ్వాడు, తర్వాత మొహం మారింది. "తాబేలు బాలింత గాని, నేను మాత్రం పనిలేనోన్నా?" అని జీపెక్కాడు. ట్రాన్స్‌ఫార్మర్ రాలేదు. ఎప్పటికీ రాలేదు.

ఆ సాయంత్రమే అవ్వ రెండో మాట అంది. బాలింతను తల్లిగారింట్లో ఉంచాలి, దీన్ని తోలియ్యి అని. నాయిన తనంతట తను రోడ్డు దాటి రత్నకుమారి ఆంటీ ఇంటికి పోయి, వాకిట్లోనే నిలబడి అడిగాడు, మీ ఊరి ఒడ్డుకు ఎట్లా పోవాలని. ఆమె వాళ్ల చిన్నాన్నకు ఫోను చేసి చెప్పింది. చేపల డ్రైవరు ఖాళీ లారీ తిరుగు ప్రయాణంలో ఎక్కించుకుంటానన్నాడు, ముందు నసిగాడు గానీ అవ్వ చూసిన చూపుకు ఒప్పుకున్నాడు. నాయిన, నేను వెళ్లాలని అనుకున్నాం. పరీక్షలున్న పిల్ల ఎందుకని అమ్మ అంటే, అది ఇక్కడుంటే మాత్రం చదువుతుందా అని నాయిన అన్నాడు. లారీలో గోనెపట్టాలు తడిపి పరిచాం. బయలుదేరే ముందు అమ్మ పళ్లెంలో బియ్యం, పసుపు, రవికెగుడ్డ పెట్టుకుని వచ్చింది. మా దగ్గర ఆడపిల్లను సాగనంపేటప్పుడు ఒడిబియ్యం పోస్తారు. దీనికెట్లా పోయాలో తెలియక, "అత్తమ్మా, వీపు మీద నాలుగు గింజలేద్దునా?" అని అడిగింది. అవ్వ పళ్లాన్ని చేత్తో ఆపింది.

"ఒడిబియ్యం తల్లిగారోల్లు వోస్తరే. మనమేం తల్లిగారోల్లమా?"

అమ్మ పళ్లెం లోపలికి తీసుకుపోయింది.

అవ్వ పోయింది, తర్వాత అమ్మా నాయినా పోయారు. హోటలు రెండేళ్లు కుంటి మూసుకుంది. భూమి ప్లాట్లయింది, అందులో మా తమ్ముడు కట్టుకున్న ఇల్లు ఒకటి. ఎగ్జిబిషన్ నుంచి మధ్యలో వచ్చేసినందుకు వాడు నన్ను కోప్పడ్డాడు. "అన్నం బెడ్తరు, నీళ్లు మారుస్తరు, డాక్టర్ గూడ ఉంటడంట. చూడకపోతే పిల్లలకు సముద్రమంటే ఏందో ఎట్ల తెలుస్తదక్కా?" అన్నాడు. వాడి మాటలో కొంత నిజముందేమో. ఇప్పటివాళ్లు మాలాంటి మొరటువాళ్లు కాదు. నీళ్లలో ఉప్పు సరిగ్గా కొలిచి కలుపుతారు, ముక్కుకు మందు రాస్తారు, కర్రలతో పొడవనివ్వరు. మా నాయినకు తెలియనివన్నీ వాళ్లకు తెలుసు. కానీ ఎంత బాగా చూసుకుంటున్నారన్న మాట దగ్గరే నాకు భయం. బాగా చూసుకోవడంలో మా నాయినను మించినవాళ్లను నేను చూడలేదు. ఎండుతున్న చెట్లను కాదని నీళ్లు పోశాడు. అది సముద్రాన్ని ఎంత పోగొట్టుకుందో మాత్రం ఆ ప్రేమకు కనిపించలేదు. ఈ తేడా పిల్లకు ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. తిరిగి పోదామా అని అది అడిగితే నేను లేచి అవతలి గదిలోకి పోయాను. చెప్పడం మొదలుపెడితే ఆ ఒడ్డు దాకా చెప్పాలి.

ఆ రాత్రంతా లారీలో పోయి తెల్లవారేసరికి ఒడ్డుకు చేరాం. నాయిన సముద్రం చూడడం అదే మొదటిసారి, నేనూ అంతే. కానీ ఇద్దరం దాని వైపు సరిగ్గా చూడలేదు. లారీ నుంచి దింపే హడావుడిలోనే ఉన్నాం. రత్నకుమారి ఆంటీ చిన్నాన్న, నీళ్లకు కొంచెం ఇవతల తడి ఇసుక మీద వదలమన్నాడు, దాని కాళ్లతో అదే పోవాలి, మీరు తోయకండి అన్నాడు. వదిలాం. అది కదలకుండా చాలాసేపు ఉండిపోయింది. ఒక అల వచ్చి దాని ముందు కాళ్లను తడిపిపోయింది. అప్పుడు లేచి నడిచింది. నాలుగు అడుగులు ముందుకు పోయి, ఎడమకు తిరిగింది. మళ్లీ నాలుగు అడుగులు, మళ్లీ ఎడమకు. ఎదురుగా అంత సముద్రం ఉంది, అది దాని పక్క నుంచే మలుపు తిరిగి ఇసుక వైపు వచ్చేసింది. నాయిన దాని వెనకే రెండడుగులు వేశాడు. "హౌజు దిరుగుతాంది" అన్నాడు.

అప్పటికే పల్లెలో నుంచి పిల్లలు, వలలు విప్పుతున్నవాళ్లు, టీకొట్టు దగ్గరివాళ్లు వచ్చి చుట్టూ గుమిగూడారు. అది ఎటు తిరిగినా మనుషుల కాళ్లే. ఎవరో ఈల వేశారు. ఎవరో పిల్లాణ్ణి ఎత్తుకుని చూపిస్తున్నారు. నాయిన ఒక్కసారి వాళ్ల మధ్యకు పోయి చేతులు జోడించాడు. అందరూ అటు తిరగమని, దాన్ని చూడొద్దని, కాసేపు వదిలేయమని ఒక్కొక్కరి ముందూ నిలబడి అడిగాడు. ఆయన యాస వాళ్లకు వింతగా ఉంది, పిచ్చివాడనుకుని ఉంటారు. కొందరు నవ్వుకుంటూ పోయారు, కొందరు ముసలివాళ్లు మాత్రం ఏమనుకున్నారో, పిల్లల భుజాలు పట్టుకుని ఊరి వైపు తిప్పారు. నీళ్ల వైపు అడ్డం లేకుండా పోయింది. నాయిన నా దగ్గరికి వచ్చి నన్ను కూడా తిప్పాడు.

"ఇగ జూడకు బిడ్డా. పోనియ్యి దాన్ని."

సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాం ఇద్దరం. వెనక ఇసుక మీద ఈడ్చుకుంటున్న చప్పుడు వినిపించింది, ఆగింది, మళ్లీ వినిపించింది. ఆ తర్వాత అలల చప్పుడే. నేను మెడ తిప్పబోతే నాయిన చెయ్యి నా కంటి పక్కగా వచ్చి తలను గట్టిగా పట్టుకుంది, గోళ్ల సందుల్లో నీలం ఇంకా అలాగే ఉంది. అలా పట్టుకునే నన్ను లారీ దాకా నడిపించాడు. అది నీళ్లలోకి పోయిందో, మళ్లీ ఎడమకే తిరిగిందో నాకు తెలియదు. వెనక్కి తిరిగి చూడాలని నాకు ఇప్పటికీ ఉంటుంది.